బావ ముందు నడుస్తుంటే ఆగుదామని ఎవరంటారు?

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ శివారు నుంచి ఒక పాఠకుడు పంపిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది, ముఖ్యమైన సంగతులే ఇక్కడ చెబుతాను. ఆయనకు 36 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్‌-1బీ వీసా, భార్య, నాలుగేళ్ల పాప. ఏడేళ్లుగా స్కీయింగ్ చేస్తున్నారు. గత మూడేళ్లుగా రిసార్టులు దాటి బ్యాక్‌కంట్రీకి వెళ్తున్నారు. అంటే లిఫ్టులు, పెట్రోలింగ్ సిబ్బంది ఎవరూ ఉండని కొండలు. స్కీల అడుగున స్కిన్స్ (వెనక్కి జారకుండా పట్టునిచ్చే పట్టీలు) అంటించుకుని సొంత కాళ్ల మీద ఎక్కాలి, సొంత పూచీ మీద దిగాలి.

జనవరిలో ఒక శనివారం ఇద్దరు స్నేహితులతో పాటు భార్య తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లారు. ఆ అబ్బాయికి 27 ఏళ్లు, ఎమ్మెస్ అయ్యాక అక్క ఉన్న ఊళ్లోనే ఉద్యోగం వచ్చింది. బ్యాక్‌కంట్రీకి అది రెండోసారి. ఆ రోజు మంచు చరియల బులెటిన్‌లో ప్రమాద స్థాయి 3, ‘కన్సిడరబుల్’ అని ఉంది. ఎక్కుతుండగా ఒకచోట కాళ్ల కింద మంచు ‘వూంఫ్’ మని కుంగింది. నలుగురూ ఆగారు. ఈయన ‘పదండి, పైన బాగానే ఉంటుంది’ అన్నారు. మిగతా ముగ్గురూ కదిలారు.

దిగేటప్పుడు ఒక్కొక్కరుగా వచ్చారు. ముందు ఈయన, తర్వాత ఒక స్నేహితుడు క్షేమంగా చెట్ల దాకా చేరారు. మూడోవాడు బావమరిది. వాలు మధ్యలో రాళ్లు కాస్త తేలిన చోట మంచు పలక విరిగి అతన్ని లాక్కుపోయి పూడ్చేసింది. బీకన్లతో (ఒంటికి కట్టుకునే సిగ్నల్ పరికరాలు) వెతికి, ప్రోబ్ (మంచులోకి దించే పొడవాటి కడ్డీ) గుచ్చి, పారలతో తవ్వి తల బయటపెట్టేసరికి 11 నిమిషాలు. పైన ఉండిపోయిన నాలుగో మనిషి హెల్మెట్ కెమెరాలో అంతా రికార్డయింది కాబట్టి ఈ లెక్కలో తేడా లేదు. పెదాలు నీలంగా మారాయి. నోట్లో మంచు తీశాక ఊపిరి తీసుకున్నాడు. భుజం దగ్గర ఎముక విరిగింది, అంతే.

ఖమ్మంలో ఉన్న అత్తమామలకు ‘రిసార్టులో జారిపడ్డాడు’ అని చెప్పారు. భార్య ఒక్కసారి ‘మా అమ్మకి ఏమని ఫోన్ చేసేవాడివి?’ అని అడిగి, ఆ తర్వాత ఆ మాటే ఎత్తడం లేదు. స్నేహితుల్లో ఒకరు వీడియో డిలీట్ చేసేద్దాం, చరియల సమాచార కేంద్రానికి రిపోర్టులూ అవీ పెడితే పోలీసు కేసై వీసాకి చుట్టుకుంటుంది అంటున్నారు. ఇంకొకరు, సియాచిన్‌లో ఒక జవాను ఆరు రోజుల తర్వాత కూడా బతికాడు కదా, 11 నిమిషాలకే ఇంత టెన్షన్ ఎందుకు అంటున్నారు. బావమరిదేమో మార్చిలో మళ్ళీ వెళ్దామంటున్నాడు. ‘ముందు దిగుతూ నేను తిరిగిన మలుపుల వల్లే మంచు బలహీనపడిందా? తప్పు నాదేనా? ఎవరికి ఏం చెప్పాలి?’ అన్నవి ఆయన ప్రశ్నలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మలుపుల గురించి మూడుచోట్ల రాశారు. ఆ ‘వూంఫ్’ గురించి ఒకే ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లిపోయారు. కొండ మీద కూడా అలాగే చేశారు. అందుకని నేను ఆ వాక్యం దగ్గరే ఆగుతున్నాను.

ముందు మంచు సంగతి చెప్పుకుందాం, లేకపోతే తప్పెవరిదన్న మాట తేలదు. కొలరాడోలో అక్టోబరు, నవంబరులలో పడిన తొలి మంచు పల్చగా నేల మీద ఉండిపోతుంది. కింద నేల దాదాపు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, పైన రాత్రులు గడ్డకట్టే చలి. ఆ తేడాకి మంచులోని ఆవిరి కింద నుంచి పైకి కదులుతూ, రేణువుల ఆకారాన్నే మార్చేస్తుంది. ఒకదానికొకటి అతుక్కోని చక్కెర పలుకుల్లా తయారవుతాయి. డిసెంబరు, జనవరి తుపానుల్లో పడిన మంచు, గాలి తెచ్చి పోసిన మంచు దాని మీద గట్టి పలకలా కూర్చుంటుంది. పళ్లెంలో బొంబాయి రవ్వ పోసి, మీద చపాతీ పీట పెట్టి, పళ్లేన్ని మెల్లగా వంచి చూడండి. కొంతవరకూ పీట కదలదు. ఒక దగ్గర మొత్తం పీట ఒక్కసారిగా జారుతుంది. కొండ మీద ఆ వంపు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటుంది. స్కీయింగ్‌కు అందరికీ నచ్చే వాలు కూడా సరిగ్గా అదే కావడం మన ఖర్మ.

‘వూంఫ్’ అన్నది కింద ఆ రవ్వ పొర కూలిన చప్పుడు. అప్పుడు మీరున్న చోట వాలు తక్కువ కాబట్టి జారలేదు. అదే పొర, అదే పలక, పైన నిటారు వాలు మీద కూడా ఉన్నాయని కొండ తన నోటితో చెప్పిన మాట అది. బులెటిన్‌లో మూడో స్థాయి అంటే ‘మధ్యరకం, ఫర్వాలేదు’ అని చాలామంది అనుకుంటారు, అయిదింట్లో మూడు కదా అని. దానర్థం, చరియలు వాటంతటవి విరగడం సాధ్యమే, మనిషి బరువు పడితే విరిగే అవకాశం ఎక్కువ అని. ఎక్కువ ప్రాణాలు పోయేదీ ఈ స్థాయిలోనే. నాలుగు, అయిదు అంటే జనం భయపడి ఇంట్లో ఉంటారు.

ఇక మీ మలుపులు. ముందు ఇద్దరు దిగితే మూడోవాడికి క్షేమమని నమ్మడం ఎంత పొరపాటో, ముందు దిగినవాళ్ల వల్లే మూడోవాడి కింద విరిగిందనుకోవడమూ దాదాపు అంత పొరపాటు. పలక అన్నిచోట్లా ఒకే మందాన ఉండదు. రాళ్లు తేలిన చోట పల్చగా ఉంటుంది, అక్కడ మనిషి బరువు కింది పొర దాకా సులువుగా దిగుతుంది. మీరిద్దరూ మందంగా ఉన్న చోట దిగారు. అతను పల్చటి చోట దిగాడు. అక్కడ పుట్టిన పగులు వాలంతా పాకింది. అతను ఉత్సాహంగా కేక పెట్టినందుకే విరిగిందేమోనని మీ ఆవిడ అడిగారని రాశారు. అరుపులకి చరియలు విరగడం సినిమాల్లోనే. ఆ దిగులు ఆవిడకు ఈరోజే తీసేయండి.

మనుషులు చిక్కుకుపోయిన సందర్భాల్లో పదింట తొమ్మిదిసార్లు చరియను కదిలించింది వాళ్లో, వాళ్ల జట్టులోనివాళ్లో. కాబట్టి ఎవరి స్కీ కింద విరిగింది అన్నది పెద్ద ప్రశ్న కాదు. ఆ వాలు మీదికి ఆ రోజు నలుగురూ ఎందుకు వెళ్లారు అన్నదే ప్రశ్న. అందులో మీ పాలు ఉంది. పెద్ద పాలే. మీకు ఊరట కలగాలని దాన్ని తగ్గించి చెప్పను.

అయితే ఆ పాలు ఎక్కడుందో సరిగ్గా చూడాలి. ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు అమెరికాలో జరిగిన 715 ప్రమాదాలను పరిశీలించి 2004లో రాసిన వ్యాసం ఒకటుంది. మంచు గురించి తెలియక పోయినవాళ్ల కథ కాదది. ప్రమాద సూచనలు కళ్లెదుట ఉన్నా ముందుకు నడిచినవాళ్ల కథ. అలవాటైన చోటు, ఎలాగైనా పైదాకా వెళ్లాలన్న పట్టుదల, ఇంతకుముందు ఎవరో వెళ్లిన జాడలు, జట్టులో అనుభవజ్ఞుడి మీద గురి, ఇలాంటివి వాళ్ల బుద్ధిని పక్కకు నెట్టాయి. ఆ చివరిది మన ఇళ్లలో ఇంకాస్త బలంగా ఉంటుందని నా అభిప్రాయం. మీ జట్టులో అనుభవజ్ఞుడు ఉత్త స్నేహితుడు కాదు, బావ. అక్క మొగుడు. అమెరికా వచ్చిన కొత్తలో ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చినవాడు, మొదటి అపార్ట్‌మెంటుకి కో-సైన్ చేసినవాడు (ఇవి మీ ఉత్తరంలోవే). అలాంటి బావ ‘పదండి’ అంటే ‘బావా, నాకు భయంగా ఉంది, తిరిగిపోదాం’ అని ఆ అబ్బాయి ఎలా అంటాడు? ఒక పెళ్లి విందులో మీరు వడ్డించమన్న కూర వద్దనడమే అతనికి మొహమాటం. మిగతా ఇద్దరూ మీ అంత తెలిసినవాళ్లు కాదని మీరే రాశారు. నలుగురున్న జట్టులో నిజానికి ఆలోచించింది ఒక్కరే. ఆ ఒక్కరికి ఆ రోజు పైకి వెళ్లాలని ఉంది.

ఈ సంగతి మీరు అతని దగ్గర మాటల్లో చెప్పాలి. ‘సారీ రా’ అంటే చాలదు, అతను వెంటనే ‘అయ్యో బావా, మీ తప్పేముంది’ అనేస్తాడు, మళ్ళీ మొదటికే వస్తారు. ‘ఆ చప్పుడు విన్నప్పుడు నీకేమనిపించింది?’ అని అడగండి. అడిగి మీరు మాట్లాడకండి. ఏమీ అనిపించలేదు అంటే అతనికి అప్పటికి తెలియదన్నమాట, తెలియనివాణ్ణి తీసుకెళ్లిన బాధ్యత మీది. భయమేసింది కానీ అనలేదు అంటే, ఎందుకు అనలేకపోయాడో అతని నోటి నుంచే వినండి. రెండు జవాబులూ వినడం కష్టమే.

ఆ 11 నిమిషాలు మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదన్నారు. ‘ఇంకో నాలుగు నిమిషాలు ఆలస్యమైతే?’ అని రాశారు. తెలిసిన లెక్క చెబుతాను. పూర్తిగా కూరుకుపోయినవాళ్లను పది నిమిషాల లోపు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారు. ఆ తర్వాత ఆ సంఖ్య నిట్టనిలువుగా పడిపోతుంది. అరగంట దాటేసరికి బతికేది ముగ్గురిలో ఒకరే. చంపేది చలి కాదు, ఊపిరాడకపోవడం. కదులుతున్నప్పుడు నీళ్లలా ప్రవహించే మంచు, ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుంటుంది. వేలు కూడా కదలదు. ఉమ్మితే ఏది పైనో తెలుస్తుందని చెబుతుంటారు, తెలిసినా చేయగలిగేది ఏమీ ఉండదు. మొహం ముందు ఉన్న కొంచెం ఖాళీలో వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తుంటారు. ఆ వేడి ఊపిరికి మంచు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, మొహం చుట్టూ గాజు తొడుగులా మూసుకుపోతుంది.

అందుకే సియాచిన్ పోలిక ఇక్కడ కుదరదు. 2016 ఫిబ్రవరి 3న 19,600 అడుగుల ఎత్తున ఉన్న పోస్టు మీద మంచు కూలి పదిమంది సైనికులు కూరుకుపోయారు. వాళ్లలో మన కర్నూలు జిల్లా జవాను కూడా ఉన్నాడు. వాళ్లలోనే ఇంకొకరు, లాన్స్ నాయక్ హనుమంతప్ప, ఆరో రోజున ప్రాణంతో దొరకడానికి కారణం ఆయన ఉన్న గుడారంలో గాలి చిక్కుకుని ఉండటం. ఆయన కూడా ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ పేరును ధైర్యం చెప్పడానికి వాడుకోవద్దని మీ స్నేహితుడికి చెప్పండి.

మీరు చేసిన మంచి పనులు కూడా చెప్పాలి కదా. పరిగెత్తి సాయం కోసం వెళ్లలేదు, అక్కడే ఉండి వెతికారు. ప్రోబ్ తగిలాక నెత్తి మీంచి కాకుండా వాలు కింది వైపు నుంచి తవ్వారు. తల బయటపడగానే నోరు, ముక్కు శుభ్రం చేసి, ఛాతీ మీది మంచు తీశారు. మీరు చెప్పిన 1.2 మీటర్ల లోతుకి తవ్వి పోసిన మంచు టన్నుకు తక్కువుండదు. ఒక అపరాధం, ఒక సాహసం ఒకే మధ్యాహ్నం ఒకే మనిషి చేయడం వింతేమీ కాదు. ఒకదానితో ఇంకోదాన్ని చెల్లువేయకండి, అంతే.

‘బావా, మీరు నన్ను పిలవడం వినబడింది, నేను అరుస్తూనే ఉన్నాను’ అని అతను అన్నాడని, మీకేమీ వినబడలేదని రాశారు. బయటి మాటలు లోపలికి కొంత చేరతాయి, లోపలి కేక మాత్రం మంచు దాటి రాదు. బతికి బయటపడ్డ చాలామంది చెప్పే మాటే ఇది. మీ చెవులు మోసం చేయలేదు.

ఇప్పుడు రిపోర్టు సంగతి. నేను లాయరును కాను. మీ స్నేహితుడి భయం ఊహ మాత్రం కాదు. 2020 మార్చిలో కొలరాడోలోనే ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగం పైన వెళ్తున్న ఇద్దరు స్నోబోర్డర్ల కింద చరియ విరిగింది. కింద ఉన్న రోడ్డును కప్పేసింది, చరియలను ముందే పేల్చి దించే ఖరీదైన పరికరాన్ని పాడుచేసింది. నిర్లక్ష్యంతో ఇతరులకు ప్రమాదం తెచ్చారని వాళ్ల మీద కేసు పెట్టారు, 1,68,000 డాలర్ల పరిహారం అడిగారు. వాళ్ల హెల్మెట్ కెమెరా వీడియోనే సాక్ష్యమైంది. జరిగింది దాచకుండా తామే చెప్పిన మనుషులు వాళ్లు. (ఇటలీలోనైతే చరియను కూల్చడమన్నది శిక్షాస్మృతిలోనే ఒక నేరం.) మీ విషయంలో కింద రోడ్డు లేదు, ఆస్తి నష్టం లేదు, గాయపడింది మీ జట్టు మనిషే. తేడా పెద్దదే. కానీ కింద ఒక ట్రైల్ (కాలిబాట) ఉందని, ఆ రోజు అదృష్టవశాత్తూ ఎవరూ లేరని మీరే రాశారు. దిగేముందు ఆ ట్రైల్ గురించి ఎవరైనా అనుకున్నారా? స్కీ చేసేవాడి బాధ్యత తన జట్టుతో ఆగదు. స్నోషూలు వేసుకుని కుక్కతో నడుస్తున్న ఏ ముసలాయనకో మీ బులెటిన్ చదివే అవసరం రాకపోవచ్చు.

రిపోర్టు పెట్టకపోతే మీకు వెంటనే వచ్చే నష్టం కనబడదు. ఆ వాలు పక్కనే అదే పొర ఉన్న ఇంకో వాలు మీదికి ఎవరో వెళ్తారు, కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ (మంచు చరియల సమాచార కేంద్రం) వాళ్లు రాసే బులెటిన్‌లో మీ సమాచారం ఉండదు. ఆ బులెటిన్ సగం ఇలా మీలాంటివాళ్లు పంపిన కబుర్లతోనే నడుస్తుంది. అది పోలీసు శాఖ కాదు, వాళ్లకు కావలసింది ఏ పొర, ఎంత లోతు, ఏ దిక్కు అన్నది. పెడితే పేర్లు ఎంతవరకు బయటకొస్తాయో ముందే ఫోన్ చేసి అడగొచ్చు. వీసా భయం వదలకపోతే, దానికి ముందు ఇమిగ్రేషన్ లాయరుకి ఒక గంట ఫీజు కట్టి మాట్లాడండి. ఆ ఖర్చు మీ స్కీల సామాను ఖర్చు కన్నా తక్కువే. నా మొగ్గు పెట్టడం వైపే. వీడియో మాత్రం ఎవరు చెప్పినా చెరిపేయకండి. చెరిపినట్టు తర్వాత తెలిస్తే, లేని తప్పు కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. పైగా అది మీ ఒక్కరిదీ కాదు. అందులో చావు దాకా వెళ్లొచ్చినవాడు వేరే ఉన్నాడు.

అత్తమామలకు చెప్పాలా అన్నది మీరు తేల్చాల్సిన విషయం కాదనిపిస్తోంది. 27 ఏళ్లవాడి ప్రాణం మీదికి వచ్చిన కబురు, అతను చెప్పుకోవలసిందే. మీరు ముందుపడి చెబితే మీ బరువు దిగుతుంది, అతని మీద రోజూ ఖమ్మం నుంచి ఫోన్లు పడతాయి, ఉద్యోగం మానేసి వచ్చెయ్యమంటారు. అసలు చెప్పకపోతే ఆ ఇద్దరు స్నేహితుల్లో ఒకరి ద్వారా ఏ పెళ్లిలోనో బయటపడుతుంది, అప్పుడు మీ మామగారు పడే బాధ ప్రమాదం గురించి కాదు, అబద్ధం గురించి. అతను ‘వేసవిలో ఊరెళ్లినప్పుడు నేనే చెబుతా’ అంటే ఒప్పుకోండి. ‘ఎప్పటికీ వద్దు’ అంటే, మీ భార్య ఆ అబద్ధాన్ని రోజూ తల్లితో ఫోనులో మోస్తోందని అతనికి గుర్తుచేయండి. ఆవిడ మౌనంలో సగం ఆ మోతేనేమో. ‘మా అమ్మకి ఏమని ఫోన్ చేసేవాడివి’ అన్న ప్రశ్నకు మీరు ఇంతవరకు జవాబు చెప్పలేదు. చెప్పలేనని అయినా చెప్పండి.

మార్చి ప్రయాణం. అతను వెళ్దామంటున్నాడంటే భయం పోయిందని కాకపోవచ్చు. మీరు కుమిలిపోవడం చూడలేక, అంతా మామూలే అని చూపించడానికి అంటున్నాడేమో కూడా చూడండి. ఇకమీదట ఎవ్వరూ వెళ్లొద్దని మీరు తెగేసి చెబితే, మళ్ళీ బావ ఒక్కడే నిర్ణయించినట్టవుతుంది. అతను మీకు చెప్పకుండా వేరేవాళ్లతో వెళ్లే వీలూ ఉంది. ఈ సీజను రిసార్టులోనే దిగి, వచ్చే శీతాకాలం మొదట్లో అతను సొంతంగా అవలాంచ్ కోర్సు చేయడం ఒక దారి. మీతో కలిసి కాదు, విడిగా. మీరు పక్కనుంటే అతను మిమ్మల్ని చూసే నేర్చుకుంటాడు. 30 డిగ్రీల లోపు వాలుల్లో, పైన నిటారు కొండ లేని చోట తిరగడం ఇంకో దారి. అందులో ఆ థ్రిల్ ఉండదని మీరిద్దరూ సణుక్కుంటారు, నిజమే, ఉండదు. ఎయిర్‌బ్యాగు కొంటే ఒప్పుకుంటానని మీ ఆవిడ అన్నారట. వీపు సంచిలో ఉండి, చరియలో చిక్కినప్పుడు లాగితే ఊదుకునే బెలూను అది. అది పనికొచ్చే వస్తువే. మిక్స్చర్ డబ్బా కుదిపితే పల్లీలు పైకి తేలినట్టు, పెద్ద వస్తువు మంచు ప్రవాహంలో పైకి తేలుతుంది. చరియలో గట్టిగా చిక్కుకున్నవాళ్లలో మరణాలను 22 శాతం నుంచి 11 శాతానికి తగ్గించిందని 2014 అధ్యయనం ఒకటి లెక్క తేల్చింది. ఆ మిగిలిన 11 శాతం కూడా ఆవిడకు చెప్పి కొనండి. చెట్లకో రాళ్లకో గుద్దుకుంటే బ్యాగు ఏమీ చేయలేదు. చనిపోయినవాళ్లలో దాదాపు నాలుగోవంతు దెబ్బల వల్లే పోతారు.

ఏ దారి పట్టినా ఒక్క ఏర్పాటు మాత్రం ముందే చేసుకోండి. జట్టులో ఎవరు వద్దన్నా అందరూ వెనక్కి తిరగాలి, కారణం కారెక్కాక అడగాలి. ఎక్కే ముందు అందరికన్నా చిన్నవాడు మొదట మాట్లాడాలి, మీరు చివర. మన ఇళ్లలో ఇది తలకిందుల పద్ధతి, మొదట్లో నవ్వొస్తుంది కూడా.

ఇంటి కప్పు మీంచి మంచు జారినా ఉలిక్కిపడి లేస్తున్నానని ఉత్తరం చివర రాశారు. నెల దాటింది కాబట్టి దాన్ని దానంతట అది తగ్గుతుందిలే అని వదలకండి. మీ కంపెనీ ఇన్సూరెన్సులో కౌన్సెలింగు ఉంటుంది, మీ బావమరిదికీ ఉంటుంది. విడివిడిగా వెళ్లండి. వీడియో అర్ధరాత్రి ఒంటరిగా చూడటం మానేయండి.

మరొకటి, అతను ఆ రోజు పెట్టుకున్న హెల్మెట్ పైకి బాగానే ఉంది, మళ్ళీ వాడొచ్చా అని అడిగారు. వాడకండి. బీకన్లు నాలుగూ తయారుచేసిన కంపెనీకి పంపి పరీక్ష చేయించండి, వచ్చాక బ్యాటరీలు కొత్తవి వేయండి.